ఒక్క ప్యాకేజీ తీసేస్తే కంప్యూటర్ మొత్తం ఎందుకు పోయింది? డిపెండెన్సీల చరిత్ర, కంచన్‌బాగ్ నుంచి

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తెలివితక్కువ పనితో మొదలుపెడతా. ఎవరినో తిట్టడానికి ఏం లేదు ఇందులో, తప్పు పూర్తిగా నాదే.

2018. బీటెక్ మూడో సంవత్సరం. మా ఇల్లు కంచన్‌బాగ్ వైపు, మిధాని బస్ డిపోకి నడిచి వెళ్లేంత దూరం. మా గల్లీ చివర ఒక జిరాక్స్ షాపు ఉండేది. ఒక జిరాక్స్ మెషీన్, ఒక ప్రింటర్, ఒక పాత డెస్క్‌టాప్, అంతే. ఆ కంప్యూటర్‌లో విండోస్ వారానికోసారి వైరస్‌తో పడుకునేది. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల పుణ్యం. నేను వెళ్లి ఉబుంటు 16.04 వేసిచ్చా. వైరస్ గోల పోయింది. షాపు భాయ్ దృష్టిలో నేను పెద్ద ఇంజినీర్ అయిపోయా. చాయ్ ఫ్రీ.

ఆ ఏప్రిల్‌లో నా ల్యాప్‌టాప్ రిపేర్‌కి పోయింది. సాయంత్రం షాపు ఖాళీగా ఉన్నప్పుడు భాయ్ కంప్యూటర్ మీదే పైథాన్ ప్రాక్టీస్ చేసేవాణ్ణి. ఒక వీడియో చూసి అందులో ఉన్న కోడ్ యథాతథంగా కొడితే ఎర్రర్ వచ్చింది. కారణం చాలా చిన్నది. ఆ వీడియోలో వాడిన ఎఫ్-స్ట్రింగ్ అనే సౌకర్యం పైథాన్ 3.6లో వచ్చింది. ఉబుంటు 16.04లో ఉన్నది 3.5. నాకు తట్టిన ఐడియా ఏంటంటే, పాతది తీసేసి కొత్తది వేద్దాం. ఫోన్‌లో పాత యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్తది వేసుకుంటాం కదా, అలాగే అనుకున్నా.

టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3.5 అని కొట్టి, చివర్లో మైనస్ వై కూడా పెట్టా. మైనస్ వై అంటే "నన్ను ఏమీ అడగకు, అన్నిటికీ అవునే" అని ముందే సంతకం పెట్టి ఇవ్వడం. స్క్రీన్ మీద పేర్లు జలజలా పరిగెత్తాయి. బాగా పని చేస్తోంది అనుకున్నా. కొంచెం సేపటికి పక్కనున్న బార్ మాయమైంది. రీస్టార్ట్ చేశా. నల్ల స్క్రీన్, మూలన "లాగిన్" అనే ఒక్క పదం, దాని పక్కన మిణుకుమనే గీత.

భాయ్ వచ్చి చూసి, "క్యా కర్‌దియే మియా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అది ఎంసెట్ హాల్ టికెట్ల టైమ్. అప్పుడే ఒక అమ్మాయి, వాళ్ల నాన్న వచ్చారు. పొద్దున్నే పరీక్ష, హాల్ టికెట్ ప్రింట్ కావాలి. రాత్రి తొమ్మిది దాటింది. పీడీఎఫ్ నా ఫోన్‌లోకి పంపించుకుని, బండి మీద సంతోష్‌నగర్ దాకా వెళ్లి, షట్టర్ సగం దించేసిన షాపు ఒకటి బతిమాలి ప్రింట్ తెచ్చిచ్చా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బులివ్వబోయాడు కూడా. ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. ఎందుకంటే నేను తీసింది పైథాన్ ఒక్కటే. ఆ అమ్మాయి హాల్ టికెట్‌కి, నా ఎఫ్-స్ట్రింగ్‌కి ఏం సంబంధం?

సంబంధం ఉంది. ఆ సంబంధం పేరే డిపెండెన్సీ. ఈ రోజు దాని చరిత్ర మాట్లాడుకుందాం.

పైకి చూడటం ఎవరూ నేర్పరు

ముందు లోపల ఏం జరిగిందో చెప్తా. ఉబుంటులో పైథాన్ మనం కోడ్ రాసుకోవడానికి పెట్టింది మాత్రమే అనుకుంటాం. కానీ సిస్టమ్‌లో చాలా పనిముట్లు పైథాన్‌లోనే రాసినవి. అప్‌డేట్లు చూపించేది, సాఫ్ట్‌వేర్ సోర్సులు మార్చేది, డెస్క్‌టాప్‌లో కొన్ని ముక్కలు, ప్రింటర్ డ్రైవర్‌లో కొంత భాగం. ప్రతి ప్యాకేజీ లోపల ఒక చీటీ ఉంటుంది, "నేను బతకాలంటే ఫలానాది ఉండాలి" అని. పైథాన్3.5 పోతే దాని మీద ఉన్న పైథాన్3 పోవాలి, దాని మీద ఉన్నవన్నీ పోవాలి, వాటి మీద ఉన్న డెస్క్‌టాప్ పోవాలి.

మన అపార్ట్‌మెంట్లలో జరిగే కథ చెప్తా. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకున్నాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన మోటార్ విప్పుకుని వెళ్లిపోతాడు. న్యాయమే, అది ఆయనదే. మర్నాడు పొద్దున నాలుగో అంతస్తులో కుళాయి రాదు. అప్పుడు తెలుస్తుంది, బిల్డింగ్ మొత్తానికి నీళ్లు ఎక్కించింది ఆ ఒక్క మోటారే అని. మోటార్ పెట్టిన రోజు ఎవరెవరు పైపు కలుపుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం కిందికి చూస్తాం, నాకు ఏమేం కావాలి అని. తీసేసేటప్పుడు పైకి చూడాలి, నా మీద ఎవరెవరు ఆధారపడ్డారు అని. మొదటిది అందరికీ తెలుసు. రెండోది దెబ్బ తగిలాకే తెలుస్తుంది.

"కుదరదు" నుంచి "సరే, అన్నీ తీసేస్తా" దాకా

ఇప్పుడు చరిత్రలోకి పోదాం. 1990ల మొదట్లో లినక్స్ వాడాలంటే చాలాసార్లు సోర్స్ కోడ్ దించుకుని, సొంతంగా కంపైల్ చేసుకోవాలి. 1993లో వచ్చిన స్లాక్‌వేర్‌లో ప్యాకేజీలు ఉన్నాయి కానీ దేని మీద ఏది ఆధారపడిందో అది చూడదు. ఆ లెక్క మన బుర్రలో పెట్టుకోవాల్సిందే.

అదే 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే కుర్రాడు డెబియన్ ప్రకటించాడు. అప్పుడతను కాలేజీ స్టూడెంట్. తన గర్ల్‌ఫ్రెండ్ డెబ్రా పేరు, తన పేరు కలిపి డెబియన్ అని పెట్టాడు. 1994లో డీపీకేజీ అనే పనిముట్టు వచ్చింది. మొదట చిన్న షెల్ స్క్రిప్ట్, తర్వాత ఇయాన్ జాక్సన్ అనే ఇంకో ఇయాన్ దాన్ని సీ భాషలో గట్టిగా రాశాడు. దీని గొప్పదనం ఏంటంటే, ప్యాకేజీ లోపలి చీటీని అది నిజంగా చదివేది. వేరేవాటికి అవసరమైన ప్యాకేజీని తీయమంటే, "డిపెండెన్సీ సమస్యల వల్ల తీయడం కుదరదు" అని చెప్పి, ఏవేవి అడ్డంగా ఉన్నాయో లిస్టు ఇచ్చి ఆగిపోయేది. ఇప్పుడు కూడా నేరుగా డీపీకేజీతో తీస్తే అలాగే మొండికేస్తుంది.

కానీ జనానికి విసుగొచ్చింది. ఒకటి వేయాలంటే దానికి కావాల్సిన ఐదు వెతకాలి, ఆ ఐదింటికి ఇంకో పది వెతకాలి. రెడ్ హ్యాట్ వాళ్లు 1995లో తెచ్చిన ఆర్‌పీఎం దగ్గర కూడా ఇదే బాధ. డిపెండెన్సీ నరకం అనే మాట ఈ అనుభవంలోంచి వచ్చిందే. దానికి మందుగా 1998లో ఆప్ట్ తయారైంది, 1999 మార్చిలో డెబియన్ 2.1తో అందరికీ చేరింది. ఒక్క మాట చెప్తే చాలు, కావాల్సినవన్నీ అదే వెతికి, అదే దించి, సరైన వరుసలో వేస్తుంది. ఆ రోజుల్లో ఇది మ్యాజిక్.

ఇక్కడ ఒక మలుపు ఉంది, జాగ్రత్తగా వినండి. డీపీకేజీ తీయమంటే "కుదరదు" అనేది. ఆప్ట్ తీయమంటే "సరే, దీని మీద ఉన్నవన్నీ కూడా తీసేస్తా, ఓకేనా?" అంటుంది. వేసేటప్పుడు చేసే సాయమే తీసేటప్పుడూ చేస్తోంది. అబద్ధం చెప్పట్లేదు, దాచట్లేదు, లిస్టు మొత్తం చూపిస్తుంది. కానీ ఆపే బాధ్యత మెషీన్ దగ్గర్నుంచి మన కళ్ల మీదికి వచ్చేసింది. ఆ కళ్లను నేను మైనస్ వైతో మూసేసుకున్నా.

విండోస్ వాళ్లకి కూడా ఇదే కథ

ఇది లినక్స్ వాళ్ల గోల అనుకోకండి. విండోస్‌లో డీఎల్ఎల్ ఫైళ్లు ఉంటాయి కదా, అవి పది ప్రోగ్రాములు పంచుకునే ముక్కలు. అప్పట్లో హార్డ్ డిస్క్ జాగా చాలా ఖరీదు. ఒకే ముక్కని పది సార్లు పెట్టుకునే స్తోమత లేదు. విండోస్ 95 రోజుల్లో దీనికోసం రిజిస్ట్రీలో ఒక లెక్క పెట్టారు. ఏదైనా సెటప్ పంచుకునే ఫైల్ వాడితే లెక్క ఒకటి పెంచాలి, అన్‌ఇన్‌స్టాల్ అయితే ఒకటి తగ్గించాలి. సున్నా అయితే ఎవరికీ అక్కర్లేదని అర్థం.

అయితే కొన్ని సెటప్‌లు లెక్క పెంచేవి, కొన్ని మర్చిపోయేవి. అందుకే అన్‌ఇన్‌స్టాల్ చేస్తుంటే ఒక ప్రశ్న వచ్చేది. "ఈ పంచుకునే ఫైల్ ఇప్పుడెవరూ వాడట్లేదనిపిస్తోంది, తీసేయమంటారా? తీసేశాక ఎవరైనా వాడుతుంటే ఆ ప్రోగ్రామ్ పని చేయకపోవచ్చు" అని. మీ ఇంట్లో పెద్దవాళ్లు, ఆ రోజుల్లో నెట్ సెంటర్ నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, ఆ బాక్స్ గుర్తుంటుంది. కంప్యూటర్‌కే తెలియని జవాబు మనల్ని అడిగేది! దీన్నే డీఎల్ఎల్ హెల్ అన్నారు. విండోస్ 2000లో సిస్టమ్ ఫైళ్లకు రక్షణ పెట్టాకగానీ కొంచెం ఊపిరి ఆడలేదు.

కొమ్మ మీద కూర్చుని కొమ్మ నరకడం

నా కథలో ఒక అదృష్టం ఉంది. ఆప్ట్ సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. పైథాన్ పోయినా ఆప్ట్ బతికే ఉంది. అందుకే ఆ నల్ల స్క్రీన్ మీద నుంచే మళ్లీ అన్నీ తెచ్చుకోగలిగా. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఇంకో పనిముట్టు ఉండేది, యమ్ అని. అది పూర్తిగా పైథాన్‌లో రాసింది. అక్కడ పాత పైథాన్‌ని బలవంతంగా పీకేస్తే, మళ్లీ పైథాన్ తెచ్చిపెట్టాల్సిన యమ్ కూడా లేవదు. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకోవడం అంటే ఇదే. తర్వాత దానికి కాపాడాల్సిన ప్యాకేజీల లిస్టు ఒకటి పెట్టారు. దాని వారసుడు డీఎన్ఎఫ్ అయితే, తనని తాను తీసేయమన్నా ఒప్పుకోదు.

డెబియన్‌లో కూడా అలాంటి గుర్తు ఒకటి మొదట్నుంచీ ఉంది. బ్యాష్, కోర్‌యుటిల్స్ లాంటి ప్యాకేజీలకి "అత్యవసరం" అనే ముద్ర ఉంటుంది. 2021 దాకా వాటిని తీయబోతే ఆప్ట్ మామూలుగా వై అంటే ఊరుకునేది కాదు. "యెస్, డూ యాజ్ ఐ సే!" అని పూర్తి వాక్యం, చివర ఆశ్చర్యార్థకంతో సహా టైప్ చేయాల్సి వచ్చేది. చేయి ఆగాలని, బుర్ర పని చేయాలని పెట్టిన బ్రేక్ అది.

2021 నవంబర్‌లో ఆ బ్రేక్ ఎంత పనిచేస్తుందో ప్రపంచం మొత్తం చూసింది. లైనస్ టెక్ టిప్స్ ఛానల్ మీలో చాలామంది చూసే ఉంటారు. లైనస్ సెబాస్టియన్ లినక్స్ ఛాలెంజ్ అని పాప్ ఓఎస్ వేసి, గేమ్స్ కోసం స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయాడు. తీయడం కూడా కాదు, వేయడం! ఆ టైమ్‌లో రిపాజిటరీలో ప్యాకేజీల మధ్య వెర్షన్లు కుదరలేదు. స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్ పోవాలి అని ఆప్ట్ లెక్కేసింది. హెచ్చరిక చూపించి, ఆ వాక్యం టైప్ చేయమంది. ఆయన టైప్ చేశాడు. డెస్క్‌టాప్ పోయింది.

అప్పుడు నెట్‌లో రెండు పార్టీలు. "హెచ్చరిక చదవకపోతే ఎవరు ఏం చేస్తారు" అని ఒకరు. "గేమ్ వేసుకుంటానంటే ఇల్లు కూల్చే ఆప్షన్ ఎందుకిచ్చారు" అని ఇంకొకరు. నేను మొదటి పార్టీలో ఉండేవాణ్ణేమో, 2018 లేకపోతే. ఆ నెలలోనే ఆప్ట్ తయారుచేసేవాళ్లు పద్ధతి మార్చారు. అత్యవసరమైన ప్యాకేజీలను తీసే దారి ఇకపై లెక్కల్లో తనంతట తాను వెతకదు. నిజంగా కావాలంటే దానికోసం ప్రత్యేకమైన ఆప్షన్ మనమే రాయాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఆప్ట్ మళ్లీ కొన్ని చోట్ల "కుదరదు" అనడం నేర్చుకుంది.

కానీ ఒకటి గమనించండి. డెబియన్, ఉబుంటు లెక్కలో పైథాన్ "అత్యవసరం" కాదు. కాబట్టి నేను చేసిన తప్పు చేస్తే ఇప్పటికీ వై అనే ఒక్క అక్షరమే అడ్డం.

పదకొండు లైన్లు

ఇప్పటిదాకా తీసేసింది మనమే. మనం నమ్ముకున్నది పైనుంచి ఇంకెవరో తీసేస్తే?

2016 మార్చి 22. అజెర్ కోచులు అనే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్‌కి ఎన్‌పీఎంలో కిక్ అనే పేరుతో ఒక ప్యాకేజీ ఉంది. కిక్ అనే మెసేజింగ్ కంపెనీ ఆ పేరు తమకి కావాలంది. ఎన్‌పీఎం ఆ పేరు కంపెనీకే ఇచ్చింది. ఆయనకి ఒళ్లు మండి, తన ప్యాకేజీలన్నీ, మొత్తం 273, తీసేసుకున్నాడు. వాటిలో ఒకటి లెఫ్ట్-ప్యాడ్. పదకొండు లైన్ల కోడ్. అది చేసే పని, ఒక పదానికి ఎడమవైపు ఖాళీలో సున్నాలో పెట్టడం. ఫస్ట్ ఇయర్ స్టూడెంట్ కూడా రాయగలడు.

కానీ బేబెల్ లాంటి పెద్ద పనిముట్లు, వాటి కింద ఎక్కడో ఒక మూల దాన్నే వాడుతున్నాయి. వాటిని వాడే వేలాది ప్రాజెక్టులు ఆ రోజు బిల్డ్ కాలేదు. వాటిలో చాలామందికి లెఫ్ట్-ప్యాడ్ అనే పేరే తెలియదు. ఎన్‌పీఎం రెండు మూడు గంటల్లోపే, రచయిత తీసేసినదాన్ని తిరిగి పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడుపడితే అప్పుడు తీసేయకుండా రూల్స్ మార్చారు.

ఆయన కోడ్ ఆయనది. ఆ మోటార్ కూడా అద్దెకున్నాయనదే.

కంచన్‌బాగ్ గోడల వెనక

ఇప్పుడు మా ఏరియాకి వస్తా. సంతోష్‌నగర్ నుంచి ఇటు వస్తుంటే పొడుగ్గా గోడలు, గేట్లు, సీఐఎస్ఎఫ్ వాళ్లు కనిపిస్తారు. చిన్నప్పట్నుంచీ ఆ గోడల పక్కనుంచే స్కూల్‌కి వెళ్లాం. లోపల డీఆర్‌డీఎల్, డీఎంఆర్ఎల్, 1970లో మొదలైన భారత్ డైనమిక్స్, 1973లో మొదలైన మిధాని. క్షిపణులు, వాటికి కావాల్సిన లోహాలు.

1982లో అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా ఇక్కడికి వచ్చారు. 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. 1987 ఏప్రిల్‌లో ఏడు దేశాలు కలిసి ఎంటీసీఆర్ అనే ఒప్పందం ప్రకటించాయి. క్షిపణికి పనికొచ్చే పరికరాలు, పదార్థాలు, టెక్నాలజీ బయటి దేశాలకు అమ్మడం మీద కట్టడి. మన భాషలో చెప్పాలంటే, పై రిపాజిటరీ వాళ్లు ప్యాకేజీలు తీసేశారు. మన బిల్డ్ ఆగిపోవాలి.

ఆగలేదు. 1988 ఫిబ్రవరిలో పృథ్వి, 1989 మే 22న అగ్ని మొదటిసారి ఎగిరాయి. కానీ దీన్ని వాట్సాప్ ఫార్వర్డ్‌లా "మనకెవరూ అక్కర్లేదు" అని చెప్పి ముగించడం నాకిష్టం లేదు. అసలు కథ అంతకంటే ఆసక్తికరం.

కంప్యూటర్ల సంగతే తీసుకోండి. విమానం రెక్క మీద గాలి ఎలా పోతుందో లెక్కేయాలంటే సూపర్ కంప్యూటర్ కావాలి. అమెరికా క్రే మెషీన్లు షరతులు లేకుండా దొరకవు. వాతావరణ అంచనాల కోసం ఢిల్లీకి ఒకటి ఇచ్చినా, దేనికి వాడాలో అమెరికా షరతులు పెట్టింది. 1988లో పుణెలో సీ-డ్యాక్ మొదలైంది, పరమ్ చేసింది. అది చాలామందికి తెలుసు. మా కంచన్‌బాగ్‌లో అనురాగ్ అనే డీఆర్‌డీఓ ల్యాబ్ పేస్ అనే సమాంతర కంప్యూటర్ పని 1988 ఆగస్టులో మొదలుపెట్టిందని ఎంతమందికి తెలుసు? నాకు బీటెక్ అయ్యేదాకా తెలియదు. ఆ గోడ పక్కనే పెరిగి!

ఒక పెద్ద మెషీన్ దొరక్కపోతే, చాలా చిన్న ప్రాసెసర్లని కలిపి పని పంచుదాం అనేదే ఆలోచన. ఆ ప్రాసెసర్లు ఎవరివి? పేస్‌లో మొదట వాడినవి అమెరికా మోటరోలా చిప్‌లు. పరమ్ 8000లో వాడినవి బ్రిటన్ ఇన్‌మోస్ ట్రాన్స్‌ప్యూటర్లు. అంటే క్రే అనే డిపెండెన్సీని తీసేశాం. కానీ దాని కింద ఇంకో డిపెండెన్సీ అలాగే ఉంది. తర్వాత అనురాగ్ అనుపమ అనే సొంత ప్రాసెసర్ దాకా వెళ్లింది, ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ.

1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత మళ్లీ ఆంక్షలు. ఈసారి అమెరికా జాబితాలో మా గోడల వెనకున్న సంస్థల పేర్లే ఎక్కాయి. డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్ పేర్లు ఆ జాబితాలోంచి పోయింది 2011 జనవరిలో. మనల్ని ఆపిన ఎంటీసీఆర్‌లో మనం 2016 జూన్‌లో సభ్యులమయ్యాం.

దీన్నుంచి నాకర్థమైంది ఒకటే. ఆ గోడల వెనక మనుషులు గెలిచింది డిపెండెన్సీలు లేకుండా చేసి కాదు. మన దగ్గర ఏముంది, ఏది ఎవరి చేతిలో ఉంది, రేపు అది ఆగితే ఏమేం ఆగుతాయి అని లిస్టు రాసుకున్నారు కాబట్టి. స్పెషల్ స్టీల్, టైటానియం లాంటి పేర్లు ఆ లిస్టులో ఉంటే, వాటి మీద పని చేయడానికి ముందునుంచే డీఎంఆర్ఎల్, మిధాని ఉన్నాయి. నేను మైనస్ వై పెట్టకుండా లిస్టు చదివుంటే నాక్కూడా అంతే తెలిసేది.

2023లో రక్షణ శాఖ ఇంటర్నెట్‌కి కలిపిన కంప్యూటర్లలో విండోస్ బదులు ఉబుంటు మీద కట్టిన మాయా ఓఎస్ పెట్టాలని చూస్తున్నట్టు వార్తలొచ్చాయి. ఉబుంటు డెబియన్ మీద కట్టింది. 2005లో మన తెలుగులో డెస్క్‌టాప్ తెచ్చిన స్వేచ్ఛ వాళ్లూ డెబియన్ మీదే కట్టారు. ఇరవై ఏళ్ల కుర్రాడు తన ప్రియురాలి పేరుతో మొదలుపెట్టింది, ఇవాళ ఎంతమంది కింద పునాదిగా ఉందో చూడండి.

నీ ఫోన్‌లో కూడా ఉంది

"అన్నా, నా దగ్గర లినక్స్ లేదు, ఫోనే ఉంది" అంటారా? ఫోన్‌లో ఒక యాప్ తీసేస్తే ఇంకో యాప్ చెడదు, ఎందుకంటే ప్రతి యాప్ తనకు కావాల్సిన ముక్కలు చాలావరకు తనే మోసుకొస్తుంది. అందుకే స్టోరేజ్ నిండిపోతుంది. లినక్స్‌లో స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ కూడా ఆ దారిలోనివే. లాభం, తీయడం సులువు. నష్టం, ఒక ముక్కలో సెక్యూరిటీ లోపం బయటపడితే, మోసుకొచ్చిన ప్రతి యాప్‌లోనూ విడిగా సరిచేయాలి. పంచుకునే పద్ధతిలో ఒక్కచోట సరిచేస్తే అందరికీ సరిపోతుంది.

కానీ ఫోన్‌లో కూడా పంచుకునేవి కొన్ని ఉన్నాయి. 2021 మార్చి చివర్లో చాలామంది ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ సహా బోలెడు యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి, గుర్తుందా? ఆ యాప్‌లలో తప్పు లేదు. వాటన్నిటి కింద ఉన్న ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూలో సమస్య. అందరూ జీమెయిల్ తీసేసి మళ్లీ వేశారు. ఎవరూ కిందికి చూడలేదు. "ఈ యాప్ ఏంటో తెలియదు, డిసేబుల్ చేద్దాం" అని సెట్టింగ్స్‌లో వేలు పెట్టే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

ఆ రాత్రి ఏమైందంటే

షాపు కథ పూర్తి చేస్తా. ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి నెట్ ఇచ్చా. ఉబుంటు-డెస్క్‌టాప్ అనే ప్యాకేజీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు తిరిగొస్తుంది. ఇది మెటా ప్యాకేజీ, లోపల సరుకు ఉండదు, కావాల్సినవాటి పేర్లు మాత్రమే ఉంటాయి. పెళ్లి సామాన్ల చీటీ లాంటిది. కానీ నా డేటా రోజుకి ఒకటిన్నర జీబీ, అప్పటికే సగం అయిపోయింది. డేటా మిగులుద్దని "సిఫార్సు చేసినవి వద్దు" అనే ఆప్షన్ పెట్టా. రాత్రి పన్నెండు దాటి కొత్త డేటా పడ్డాక మిగతాది దించా. రెండింటికి డెస్క్‌టాప్ వచ్చింది. విజయం!

పొద్దున భాయ్ ఫోన్. ప్రింటర్ పని చేయట్లేదు. దాని డ్రైవర్ పైథాన్‌తో పాటే పోయింది, చీటీలో అది "తప్పనిసరి" వరుసలో కాకుండా "సిఫార్సు" వరుసలో ఉంది. నేను వద్దన్నది అదే. కంప్యూటర్‌కి ప్రింటర్ ఐచ్ఛికమే. జిరాక్స్ షాపుకి కాదు. ఏది అత్యవసరమో ప్యాకేజీ తయారుచేసినవాళ్లకి కొంతవరకే తెలుస్తుంది. మిగతాది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికే తెలుసు.

కాబట్టి, నాలుగు మాటలు. ఒకటి, తీసే ముందు మైనస్ ఎస్ పెట్టి ఆప్ట్-గెట్ నడపండి, నిజంగా తీయకుండా ఏమేం పోతాయో చూపిస్తుంది. రెండు, "ఈ ప్యాకేజీలు తీసివేయబడతాయి" అనే లిస్టు మొత్తం చదవండి, మీరు అడగని పేరు కనిపిస్తే ఆగండి. మెటా ప్యాకేజీ ఒక్కటే పోతుంటే చీటీ చిరిగినంతే, సామాన్లు అలాగే ఉంటాయి, కంగారొద్దు. మూడు, సిస్టమ్ పైథాన్ జోలికి పోకండి. కొత్త వెర్షన్ కావాలంటే పక్కన వేసుకుని, ప్రాజెక్టుకొక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి. నాలుగు, ఇప్పటికే కొంప మునిగితే వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్, అందులో హిస్టరీ డాట్ లాగ్ ఫైల్ చూడండి. ఏ రోజు ఏ ఆజ్ఞతో ఏమేం పోయాయో అన్నీ రాసి ఉంటాయి. నా పేరుతో సహా రాసింది అది.

ఆ షాపు ఇప్పటికీ ఉంది. నేను వెళ్లి కీబోర్డ్ మీద చేయి పెట్టబోతే భాయ్ ఇప్పటికీ అడుగుతాడు, "పహ్లే బోలో, క్యా నికాల్‌రే?" అని. ముందు చెప్పు, ఏం తీస్తున్నావ్ అని. ఆప్ట్ అడిగే ప్రశ్న కూడా అదే, ఈయన మాత్రం మైనస్ వై ఒప్పుకోడు.

మీరు ఏం తీసి ఏం పోగొట్టుకున్నారో కింద రాయండి, అన్నీ చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.